ప్రోలాగ్ ఎలా మొదలుపెట్టాలి: మేనమామ, మేనత్త వరసలతో తొలి ప్రోగ్రామ్

లాజిక్ ప్రోగ్రామింగ్ మాటెత్తితే చాలామంది అడిగేవి ఇవే: ఎక్కడ మొదలుపెట్టాలి? సీ, పైథాన్ వచ్చినా ఇది ఎందుకు అర్థం కావడం లేదు? ప్రోగ్రామ్ తెలుగు అక్షరాల్లో రాస్తే నడుస్తుందా?

ముందు చివరిదానికి జవాబు. నడుస్తుంది. ఈ పాఠంలోని ప్రోగ్రామ్ మొత్తం తెలుగు లిపిలోనే ఉంటుంది. అయితే తెలుగులో రాసేటప్పుడు మాత్రమే వచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్ పాఠాల్లో వాటి ప్రస్తావన ఉండదు కాబట్టి ఇక్కడ వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సిద్ధాంతం ఒక్క పేరాతో సరిపెడదాం. లాజిక్ ప్రోగ్రామింగ్ భాష అయిన ప్రోలాగ్ 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేలో పుట్టింది. అలైన్ కోల్మెరావర్, ఫిలిప్ రూసెల్ దాన్ని తయారుచేశారు. దాని వెనకున్న తర్కానికి రాబర్ట్ కోవాల్‌స్కీ కృషి ఆధారం. మామూలు భాషల్లో పని ఎలా చేయాలో వరసగా చెబుతాం. ప్రోలాగ్‌లో ఏది నిజమో చెబుతాం, తర్వాత ప్రశ్న అడుగుతాం. జవాబు వెతికే పని దానిది.

కావలసినవి

- కంప్యూటర్ ఉంటే ఎస్‌డబ్ల్యుఐ ప్రోలాగ్. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. కొత్త వెర్షనే వేసుకోండి, పాతవాటిలో తెలుగు అక్షరాలు చెడిపోవచ్చు.
- ఫోన్ మాత్రమే ఉంటే, లేదా ఇన్‌స్టాల్ చేయడం కుదరకపోతే, బ్రౌజర్‌లోనే నడిచే స్విష్. ఒకవైపు ప్రోగ్రామ్, ఇంకోవైపు ప్రశ్న రాసే పెట్టె ఉంటాయి.
- మామూలు టెక్స్ట్ ఎడిటర్, తెలుగు కీబోర్డు. వర్డ్ లాంటివి వద్దు, అవి కోట్ గుర్తుల్ని మార్చేస్తాయి.
- మీకు ముందే బాగా తెలిసిన సమాచారం. ఇది అన్నిటికంటే ముఖ్యం. జవాబు ముందే తెలిస్తేనే ప్రోగ్రామ్ తప్పు చెప్పినప్పుడు పట్టుకోగలం. అందుకే ఇక్కడ భారతంలో పాండవుల, యాదవుల చుట్టరికాలు తీసుకున్నాను. మన ఇళ్ళలో మేనమామ వేరు, చిన్నాన్న వేరు. ఈ తేడా ప్రోలాగ్‌కు చెప్పడం మంచి సాధన.

ప్రోలాగ్ తన సొంత మాటల్ని తెర మీద ఇంగ్లిష్‌లోనే చూపిస్తుంది. నేను వాటిని ఇక్కడ ట్రూ, ఫాల్స్ అని తెలుగు లిపిలో రాస్తున్నాను.

1. ఫైలు తయారుచేయండి

ఎడిటర్‌లో కొత్త ఫైలు తెరిచి, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయండి. ఫైలు పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకోండి. చివర చుక్క, దాని తర్వాత పీ, ఎల్ అనే చిన్న అక్షరాలు ఉండాలి. నోట్‌ప్యాడ్ వాడుతుంటే సేవ్ చేసేటప్పుడు ఫైలు రకం దగ్గర "ఆల్ ఫైల్స్" ఎంచుకోండి. లేకపోతే అది చివర తన సొంత తోక తగిలిస్తుంది, తర్వాత ప్రోలాగ్‌కు ఫైలు కనబడదు.

2. నిజాలు రాయండి

```
కన్నవారు(శూరసేనుడు, వసుదేవుడు).
కన్నవారు(శూరసేనుడు, కుంతి).
కన్నవారు(వసుదేవుడు, బలరాముడు).
కన్నవారు(వసుదేవుడు, కృష్ణుడు).
కన్నవారు(వసుదేవుడు, సుభద్ర).
కన్నవారు(కుంతి, ధర్మరాజు).
కన్నవారు(కుంతి, భీముడు).
కన్నవారు(కుంతి, అర్జునుడు).
కన్నవారు(బలరాముడు, శశిరేఖ).
కన్నవారు(అర్జునుడు, అభిమన్యుడు).
కన్నవారు(సుభద్ర, అభిమన్యుడు).

మగ(శూరసేనుడు).
మగ(వసుదేవుడు).
మగ(బలరాముడు).
మగ(కృష్ణుడు).
మగ(ధర్మరాజు).
మగ(భీముడు).
మగ(అర్జునుడు).
మగ(అభిమన్యుడు).

ఆడ(కుంతి).
ఆడ(సుభద్ర).
ఆడ(శశిరేఖ).
```

మొదటి వాక్యానికి అర్థం: వసుదేవుణ్ణి కన్నవారు శూరసేనుడు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది మన నిర్ణయం. ఒకసారి నిర్ణయించాక ఫైలంతా అదే వరస ఉండాలి. కుంతి కుంతిభోజుడికి దత్తత వెళ్ళిన సంగతి ఈ ప్రోగ్రామ్‌కు అక్కర్లేదు. శశిరేఖ మన తెలుగు కథల్లోని బలరాముడి కూతురు.

ఇక్కడే జరిగే తప్పులు:

- వాక్యం చివర చుక్క మరిచిపోవడం. చుక్క లేకపోతే ప్రోలాగ్ తర్వాతి లైనును కూడా కలిపి చదివి ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ చూపించిన లైను బాగానే ఉంటే దాని పై లైను చూడండి.
- పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ వదలడం. వదలకూడదు.
- ఒక రకం నిజాలను అక్కడక్కడా విసిరేయడం. కన్నవారు అన్నీ ఒకచోట, మగ అన్నీ ఒకచోట ఉంచండి. లేకపోతే హెచ్చరికలు వస్తాయి.
- ఒకే పేరును రెండు రకాలుగా రాయడం. ఇది మనకు ప్రత్యేకమైన చిక్కు. "వాళ్ళు", "వాళ్లు" మనకు ఒకటే, ప్రోలాగ్‌కు రెండు వేరు పేర్లు. ఇంకా మోసం చేసేది, కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే కంటికి కనబడని అక్షరం. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఆ అక్షరం ఉన్న పేరూ లేని పేరూ ఒకటి కావు. పదం మధ్యలో పొల్లు అవసరమయ్యే పేర్లను పెట్టుకోకపోవడం మేలు. ఎక్కడైనా అనుమానం వస్తే ఆ పేరును తుడిచేసి, సరిగా పనిచేస్తున్న చోటు నుంచి కాపీ చేసుకోండి.

3. లోడ్ చేసి ప్రశ్న అడగండి

విండోస్‌లో ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. మిగతా చోట్ల ఫైలు ఉన్న ఫోల్డర్ నుంచి ప్రోలాగ్ తెరిచి, చదరపు బ్రాకెట్లలో ఫైలు పేరు (చివరి చుక్క, పీ, ఎల్ లేకుండా) రాసి, చుక్క పెట్టి, ఎంటర్ నొక్కండి. ఫైలులో ఏదైనా మార్చిన ప్రతిసారీ సేవ్ చేసి మళ్ళీ ఇలాగే లోడ్ చేయాలి. మార్పు చేశాక కూడా పాత జవాబే వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే.

`?-` గుర్తు కనిపించాక అడగండి:

```
?- కన్నవారు(కుంతి, అర్జునుడు).
```

ట్రూ అని రావాలి. ఒక్కోసారి ట్రూ అన్నాక కర్సర్ అక్కడే ఆగుతుంది. హ్యాంగ్ కాలేదు, "ఇంకా వెతకమంటారా?" అని అడుగుతోంది. చాలనుకుంటే ఎంటర్, ఇంకా కావాలంటే సెమికోలన్ నొక్కండి. స్విష్‌లో అయితే దానికి బటన్లు ఉంటాయి. ప్రశ్నకు చుక్క పెట్టకుండా ఎంటర్ నొక్కితే నిలువు గీత కనబడుతుంది. అప్పుడు చుక్క ఒక్కటీ టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

ఒక హెచ్చరిక: కొత్త నిజాలనూ సూత్రాలనూ `?-` దగ్గర రాయకండి. అక్కడ ఏం రాసినా ప్రోలాగ్ దాన్ని ప్రశ్న అనుకుంటుంది. అవి ఫైలులోనే ఉండాలి.

4. వేరియబుల్ రాయడం నేర్చుకోండి

కుంతి పిల్లలెవరో అడగాలి. మొదటిసారి రాసేవాళ్ళు సహజంగా ఇలా రాస్తారు:

```
?- కన్నవారు(కుంతి, ఎవరు).
```

ఫాల్స్ వస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ప్రోలాగ్ దృష్టిలో మీరు "ఎవరు" అనే పేరుగల మనిషి కుంతి బిడ్డా అని అడిగారు. తెలుగులో ప్రోలాగ్ రాసేవాళ్ళను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే, ఎందుకంటే ఏ తప్పూ కనబడదు.

ప్రోలాగ్‌లో వేరియబుల్ (జవాబు నింపాల్సిన ఖాళీ పేరు) ఇంగ్లిష్ పెద్ద అక్షరంతోనైనా, అండర్‌స్కోర్‌తోనైనా మొదలవ్వాలి. తెలుగు అక్షరాల్లో చిన్నా పెద్దా తేడా లేదు కాబట్టి మనకు అండర్‌స్కోరే దారి:

```
?- కన్నవారు(కుంతి, _ఎవరు).
```

సెమికోలన్ నొక్కుతూ పోతే ధర్మరాజు, భీముడు, అర్జునుడు వరసగా వస్తారు. మీ దగ్గర పేర్లు రాకుండా ట్రూ అని మాత్రమే వస్తే, ప్రశ్నలోని వేరియబుల్‌కు ఒక్క ఇంగ్లిష్ పెద్ద అక్షరం పెట్టి చూడండి. ప్రోగ్రామ్ లోపల మార్చక్కర్లేదు.

ఇప్పుడు ప్రశ్నను తిప్పండి:

```
?- కన్నవారు(_ఎవరు, అభిమన్యుడు).
```

అర్జునుడు, సుభద్ర. పిల్లల్ని వెతకడానికి ఒక ఫంక్షన్, తల్లిదండ్రుల్ని వెతకడానికి ఇంకొకటి రాయలేదు. అవే నిజాలు రెండు వైపులా పనిచేశాయి. సీ, పైథాన్ అలవాటైనవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగి, రకరకాలుగా తిప్పి అడిగి చూడండి. తికమకంతా ఇక్కడే విడిపోతుంది.

5. మొదటి సూత్రం: తోబుట్టువులు

```
తోబుట్టువు(_అ, _ఆ) :-
    కన్నవారు(_క, _అ),
    కన్నవారు(_క, _ఆ),
    _అ \= _ఆ.
```

`:-` అంటే "ఎప్పుడు నిజమంటే". కామా అంటే "ఇంకా ఇది కూడా". ఒకే _క ఇద్దరినీ కంటే, ఆ ఇద్దరూ వేరైతే, తోబుట్టువులు.

చివరి లైను తీసేసి చూడండి. కృష్ణుడు కృష్ణుడికే తోబుట్టువు అవుతాడు. ఇద్దరూ వేరు మనుషులై ఉండాలని మనం చెప్పనిదే ప్రోలాగ్ ఊహించుకోదు.

ఆ లైను ఉండాల్సిన చోటు కూడా ముఖ్యం. దాన్ని పైకి, కన్నవారు కంటే ముందుకు జరిపి ఈ రెండూ అడగండి:

```
?- తోబుట్టువు(కృష్ణుడు, సుభద్ర).
?- తోబుట్టువు(కృష్ణుడు, _ఎవరు).
```

మొదటిదానికి ట్రూ, రెండోదానికి ఫాల్స్ వస్తాయి. `\=` అడిగేది "ఈ రెండూ ఒకటి కాలేవా?" అని. _ఎవరు ఇంకా ఖాళీగా ఉంది, అది కృష్ణుడు కూడా కావచ్చు, కాబట్టి పరీక్ష అక్కడే ఓడిపోతుంది. అందుకే ముందు విలువలు దొరికే లైన్లు, ఆ తర్వాతే పోలిక. డిఫ్ అనే అంతర్నిర్మిత ప్రెడికేట్ (కన్నవారు, మగ లాంటి సంబంధం) వాడితే ఈ వరస బెడద ఉండదు. దాని పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయాలి. అది అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది.

లోడ్ చేసేటప్పుడు "సింగిల్టన్ వేరియబుల్" అనే హెచ్చరిక వస్తే పట్టించుకోకుండా వదిలేయకండి. ఒక వేరియబుల్ ఆ సూత్రంలో ఒక్కసారే కనిపించిందని దాని అర్థం. తొమ్మిది పాళ్ళు అక్షరం తప్పే: ఒకచోట _తల్లి, ఇంకోచోట _తల్లీ. నిజంగానే ఆ విలువతో పని లేకపోతే ఒట్టి అండర్‌స్కోర్ పెట్టండి.

6. మేనమామ, మేనరికం

```
మేనమామ(_మామ, _పిల్ల) :-
    కన్నవారు(_తల్లి, _పిల్ల),
    ఆడ(_తల్లి),
    తోబుట్టువు(_మామ, _తల్లి),
    మగ(_మామ).
```

అమ్మ అన్నదమ్ములు మేనమామలు, అంతే. ఇప్పుడు పరీక్షించండి:

- `?- మేనమామ(_మామ, అభిమన్యుడు).` బలరాముడు, కృష్ణుడు రావాలి.
- `?- మేనమామ(_మామ, అర్జునుడు).` వసుదేవుడు రావాలి.
- `?- మేనమామ(కృష్ణుడు, _ఎవరు).` అభిమన్యుడు ఒక్కడే రావాలి.
- `?- మేనమామ(భీముడు, అభిమన్యుడు).` ఫాల్స్ రావాలి. భీముడు పెదనాన్న.

నాలుగో పరీక్షను చాలామంది వదిలేస్తారు. రావాల్సినవి వచ్చాయని చూసుకుంటారు గానీ, రాకూడనివి రాలేదని చూసుకోరు. ఆడ(_తల్లి) లైను మరిచిపోతే మొదటి పరీక్షలో ధర్మరాజు, భీముడు కూడా మేనమామల జాబితాలో చేరిపోతారు. అందుకే ఏ సూత్రం రాసినా ఒకటి నిజమని తెలిసినది, ఒకటి అబద్ధమని తెలిసినది, ఒకటి వేరియబుల్‌తో అడిగి జవాబులు అయిపోయేదాకా లెక్కపెట్టినది, ఈ మూడు రకాలూ పరీక్షించండి. వాటిని సూత్రం రాయకముందే కాగితం మీద రాసుకుంటే ఇంకా మేలు.

మేనత్త సూత్రం మీరే రాయండి. కృష్ణుడికి కుంతి, శశిరేఖకు సుభద్ర రావాలి. అది కుదిరాక:

```
మేనరికం(_అ, _ఆ) :-
    మేనమామ(_మామ, _అ),
    కన్నవారు(_మామ, _ఆ).
మేనరికం(_అ, _ఆ) :-
    మేనత్త(_అత్త, _అ),
    కన్నవారు(_అత్త, _ఆ).
```

ఒకే పేరుతో రెండు సూత్రాలు రాస్తే "ఇదైనా, అదైనా" అని అర్థం. సెమికోలన్‌తో ఒకే సూత్రంలో ఇరికించవచ్చు గానీ, విడిగా రాస్తేనే చదవడం తేలిక.

`?- మేనరికం(అభిమన్యుడు, _ఎవరు).` అని అడిగితే శశిరేఖ వస్తుంది. అర్జునుడికి అడిగితే బలరాముడు, కృష్ణుడు, సుభద్ర ముగ్గురూ వస్తారు, బావలూ మరదలూ కలిసి. మరదలు మాత్రమే కావాలంటే ప్రశ్నలోనే కామా పెట్టి ఆడ(_ఎవరు) చేర్చండి.

7. తరాల మీదుగా: రికర్షన్ (సూత్రం తనను తానే పిలవడం)

```
పూర్వీకులు(_పై, _కింద) :-
    కన్నవారు(_పై, _కింద).
పూర్వీకులు(_పై, _కింద) :-
    కన్నవారు(_పై, _మధ్య),
    పూర్వీకులు(_మధ్య, _కింద).
```

ఆగే సూత్రం ముందు, తిరిగి పిలిచే సూత్రం తర్వాత. రెండో సూత్రంలో కన్నవారు లైను ముందే ఉండాలి. పూర్వీకులు లైనును దానికంటే ముందు పెడితే కొన్ని జవాబులు సరిగ్గానే వచ్చి, ఆ తర్వాత ప్రోలాగ్ తనను తాను పిలుచుకుంటూ మెమరీ అయిపోయేదాకా పోతుంది. స్టాక్ లిమిట్ దాటిందని ఎర్రర్ వస్తే మొదట వెతకాల్సింది ఈ వరసే.

ఇప్పుడు `?- పూర్వీకులు(_ఎవరు, అభిమన్యుడు).` అని అడగండి. ఆరు జవాబులు రావాలి: అర్జునుడు, సుభద్ర, శూరసేనుడు, మళ్ళీ శూరసేనుడు, వసుదేవుడు, కుంతి.

శూరసేనుడు రెండుసార్లు రావడం తప్పు కాదు. అర్జునుడు మేనమామ కూతుర్ని చేసుకున్నాడు కాబట్టి అభిమన్యుడికి అమ్మ వైపు నుంచీ, నాన్న వైపు నుంచీ శూరసేనుడే ముత్తాత. ప్రోలాగ్ మనుషుల్ని కాదు, నిరూపణల్ని లెక్కపెడుతుంది. రెండు దారులున్నాయి, రెండూ చూపించింది. జవాబు రెండుసార్లు వస్తే కంగారుపడి సూత్రం మార్చేయకండి, ముందు ఆ రెండో దారి ఏమిటో కనుక్కోండి.

8. ఫాల్స్ అంటే ఏమిటో గట్టిగా తెలుసుకోండి

```
?- తోబుట్టువు(కర్ణుడు, అర్జునుడు).
```

ఫాల్స్. భారతం తెలిసిన మనకు ఇది అబద్ధం. కానీ కర్ణుడు కుంతి కొడుకని మనం ఫైలులో రాయలేదు. ఫాల్స్ అంటే "అది అబద్ధం" అని కాదు, "మీరు చెప్పినంతలో నిరూపించలేకపోయాను" అని. `\+` (నిరూపించలేకపోతే ట్రూ అనే గుర్తు) కూడా ఇంతే. `?- \+ కన్నవారు(కృష్ణుడు, _).` అంటే ట్రూ వస్తుంది, కృష్ణుడికి పిల్లలే లేరన్నట్టు. ప్రద్యుమ్నుణ్ణి మనం రాయలేదు, అంతే. రేపు మీరు విద్యార్థుల జాబితా మీదో, అర్హతల జాబితా మీదో ఇలాంటి ప్రోగ్రామ్ రాస్తే, డేటాలో పేరు లేకపోవడం వల్ల ఒకరికి అన్యాయం జరగవచ్చు. ఫాల్స్ వచ్చిన చోట సూత్రంతో పాటు డేటాను కూడా చూడండి.

కన్నవారు గుంపులో ఈ లైన్లు చేర్చి మళ్ళీ లోడ్ చేయండి:

```
కన్నవారు(కుంతి, కర్ణుడు).
కన్నవారు(పాండురాజు, ధర్మరాజు).
కన్నవారు(పాండురాజు, భీముడు).
కన్నవారు(పాండురాజు, అర్జునుడు).
```

అర్జునుడి తోబుట్టువుల్ని అడిగితే ధర్మరాజు, భీముడు రెండేసి సార్లు, కర్ణుడు ఒక్కసారి వస్తారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఒక్కో పేరు ఒక్కసారే కావాలంటే సెట్‌ఆఫ్ అనే ప్రెడికేట్ ఉంది, అది తర్వాతి మెట్టు. చూశాక ఈ నాలుగు లైన్లూ తీసేయండి.

9. జవాబు తప్పితే

ట్రేస్ అనే ఆదేశాన్ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాసి, చుక్క పెట్టి, తర్వాత మీ ప్రశ్న అడగండి. ఎంటర్ నొక్కినప్పుడల్లా ఒక్కో అడుగు కనబడుతుంది. కాల్ అంటే అడిగింది, ఎగ్జిట్ అంటే కుదిరింది, ఫెయిల్ అంటే కుదరలేదు, రీడూ అంటే వెనక్కి వచ్చి ఇంకో దారి వెతుకుతోంది. కుదరాల్సిన చోట మొదటి ఫెయిల్ ఎక్కడ వచ్చిందో చూడండి, తప్పు దాదాపు అక్కడే ఉంటుంది. మధ్యలో మానేయాలంటే ఇంగ్లిష్ ఏ అనే చిన్న అక్షరం నొక్కండి. పని అయ్యాక నోడీబగ్ ఆదేశంతో ట్రేస్ ఆపేయండి, లేకపోతే ప్రతి ప్రశ్నకూ అదే వరద.

"అన్‌నోన్ ప్రొసీజర్" అని వస్తే ఆ పేరు ఫైలులో లేదు, లేదా బ్రాకెట్‌లో ఇవ్వాల్సిన అంశాల సంఖ్య తేడాగా ఉంది. ముందు స్పెల్లింగ్, తర్వాత ఆ సంఖ్య చూడండి.

లెక్కల గురించి ఒక్క మాట. `?- _క = 2 + 3.` అంటే 5 రాదు, 2+3 అనే వస్తుంది. `=` ఇక్కడ రెండింటినీ జతపరుస్తుంది, లెక్క కట్టదు. లెక్క కట్టడానికి ఇజ్ అనే వేరే ఆపరేటర్ ఉంది.

10. మీరే చేయాల్సింది

ఫైలులో ఇవి చేర్చండి:

```
పెద్ద(బలరాముడు, కృష్ణుడు).
పెద్ద(ధర్మరాజు, భీముడు).
పెద్ద(భీముడు, అర్జునుడు).
```

వీటి ఆధారంగా ముందు వయసులో_పెద్ద అనే సూత్రం, దాన్ని వాడుకుని పెదనాన్న అనే సూత్రం రాయండి. `?- పెదనాన్న(_ఎవరు, అభిమన్యుడు).` అని అడిగితే ధర్మరాజు, భీముడు ఇద్దరూ రావాలి. భీముడు ఒక్కడే వస్తే వయసులో_పెద్ద సూత్రంలో రికర్షన్ లేదన్నమాట, ఏడో మెట్టు మళ్ళీ చూడండి. కృష్ణుడు కూడా వస్తే తోబుట్టువు ఎవరికి కావాలో, తండ్రికో తల్లికో, సరిచూసుకోండి. ఇద్దరూ వచ్చి ప్రోలాగ్ ఆగకుండా తిరుగుతుంటే, వయసులో_పెద్ద తన రెండో సూత్రంలో తననే ముందు పిలుస్తోంది.